కడిగిపెట్టిన రాళ్లు

"మళ్లొక్కసారి చెప్పు అత్తా. ఏ రాయి యాడ పెట్టినవు?"

సమ్మవ్వ ఆ మాట అడగడం అది నాలుగోసారి. నాలుగోసారి కూడా పోశవ్వ అదే సంబరంతో చెప్పింది.

"ఎన్నిసార్లు చెప్పాలె పిల్లా! పెత్రమాసకు ఇల్లంత సున్నం ఏసిన. కొట్టం అలికిన. గీ పెట్టె జూస్తె ఏమున్నది, అంత బురద. రాయేదో మన్నేదో తెలుస్తలేదు. పండుగ పూట గంత గలీజు ఇంట్ల ఉంచుతమా? ఒక్కొక్కటి దీసి తొట్టికాడ కడిగిన. నల్లయి నల్లయి ఒక్కకాడ పెట్టిన. బూడిదరంగుయి ఒక్కకాడ. తెల్లయి ఒక్కకాడ. గప్పుడు జూడాలె పెట్టె ఎంత ముద్దుగున్నదో!"

"నిన్నెవ్వరు పెట్టుమన్నరు?"

"ఇల్లు ఊడ్వమని నాకెవ్వలన్న చెప్తరా? సార్లకు గా నల్లరాయి గంత మంచిగ కనవడ్డదంటె నా చెయ్యి పడ్డందుకే. ఇయ్యాల జీపు వస్తదట గద. పెద్దసారుకు నేనే చెప్త, కడిగింది నేనే అని."

సమ్మవ్వ పెట్టె వైపు చూసింది. కొట్టంలో గడ్డిమోపు మీద కూలబడింది.

ఆ పెట్టెలోవి మామూలు రాళ్లు కావు. ఊరికి పడమట, మెట్ట చెలకలో రెండు నెలలుగా కంపెనీ వాళ్ల నలభై ఒకటో నంబరు బోరు దిగుతోంది. మిషను భూమిలోకి గొట్టం దింపి, రోకలి మందాన గుండ్రటి రాయిని ముక్కలు ముక్కలుగా పైకి లాగుతుంది. ఏ ముక్క ముందొస్తే అది ముందు, తర్వాతది తర్వాత, ఐదు గాడులున్న చెక్కపెట్టెలో పేర్చాలి. గాడికి ఐదడుగులు. ఎంత లోతున ఏముందో ఆ వరసే చెబుతుంది. వరస తప్పిందా, అవి ఉత్త రాళ్లు.

వానలకు క్యాంపు డేరా కూలిపోతే పెట్టెలన్నీ తెచ్చి దగ్గరగా ఉందని సమ్మవ్వ మొగుడు కొమురెల్లి కొట్టంలో పెట్టారు. ఆరు పెట్టెల మూతలకు మేకులు కొట్టి ఉన్నాయి. ఏడోది, నూట యాభై అడుగుల నుంచి నూట డెబ్బై ఐదు దాకా ఉన్నది, మూత లేకుండానే వచ్చింది. పోశవ్వ కళ్లు దాని మీదే పడ్డాయి.

రాళ్లు చూసి పుస్తకంలో రాసే మార్కు సారు అప్పుడు ఊళ్లో లేడు. భార్య సుసన్నా కాన్పుకని కొత్తగూడెం పోయాడు. పది రోజులకు తిరిగొచ్చేసరికి పెట్టె తళతళలాడుతూ ఉంది. రెండు గాడుల నిండా నల్లగా బొగ్గు! పదడుగుల బొగ్గు ఒక్కచోట! పసిబిడ్డ పుట్టిన సంతోషానికి ఇది తోడైంది. సైకిలు మీద రామగుండం స్టేషనుకు పోయి పెద్దసారుకు తంతి కొట్టించాడు.

ఆ తంతి చేసిన పని అంతా ఇంతా కాదు. గని పడుతుందని ఊరంతా ఊగిపోయింది. నలభై మంది పేర్లు రాయించుకున్నారు. పక్కింటి సదయ్య, ఇక గనిలో నౌకరే గదా అని, ఎడ్లజత అమ్మేశాడు. బోరు దగ్గర రోజుకూలీగా ఉన్న కొమురెల్లికైతే మార్కు సారు మాటిచ్చాడు, గని పడితే పర్మినెంటు లిస్టులో మొదటి పేరు అతనిదేనని. అన్నిటికీ మొదలు పదడుగుల బొగ్గు. ఆ పదడుగులను పేర్చింది భూమి కాదు, పోశవ్వ.

"నీ మొగడొస్తున్నడు. లెవ్వు," అంది పోశవ్వ.

కొమురెల్లి తలకు నూనె రాసుకుని, దసరాకు కుట్టించిన అంగీ తొడుక్కుని హుషారుగా వచ్చాడు. జీపు మధ్యాహ్నానికి వస్తుందట. సమ్మవ్వ సంగతి చెప్పింది. అతని మొహంలోని నవ్వు కాసేపు ఎటూ పోలేక అక్కడే నిలిచిపోయింది.

"అవ్వా! నిన్నెవ్వలు ముట్టుమన్నరే!"

"కడుగుడు గూడ తప్పేనారా?"

"తప్పా? నా కొంప ముంచినవ్!"

 కొడుకు పోశవ్వతో అంత గట్టిగా మాట్లాడి ఎన్నేళ్లయిందో. చెంగుతో చేతులు తుడుచుకుంది, తడి లేకపోయినా. పోయి తొట్టి పక్కన గోడకేసి తిరిగి కూర్చుంది.

కొమురెల్లి భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నీకు దండం బెడ్త, నోరు దెరువకు. పదడుగులున్నదో నాలుగడుగులున్నదో భూమిల ఉన్నది భూమిల ఉంటది. వాళ్లు గని వెట్టుకుంటరు. మనకేంది?"

"లోపటికి దిగేదెవ్వలు? పెద్దసారా? నువ్వే గద!"

"దిగుత. అయితేంది?"

"పదడుగులని తొవ్వ పెడ్తరు. నాలుగడుగులకే రాయి తలుగుతది. ఏడాదికి గని మూసి పోతరు. గప్పుడు ఊరోళ్లు ఏం జెయ్యాలె? సదయ్య కాక ఎడ్లు మళ్ల యాడికెల్లి తెస్తడు?"

"సదయ్య ఫికర్ నీకెందుకే?"

"నాకు నీ ఫికరే ఉన్నది."

 కొమురెల్లి పెట్టె వంక చూశాడు. దూడ మెడలో గంట రెండుసార్లు మోగింది. చివరికి గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరగకుండానే అన్నాడు:

"నేను క్యాంపుకు పోతున్న. నా నౌకరి నీ నోట్ల ఉన్నది. ఏం జేస్తవో నీ ఇష్టం."

అతను పోయాక సమ్మవ్వకు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదని కోపమొచ్చింది. పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

బోరు మిషనుకు నీళ్లు మోసే కూలీగా ఆమె కూడా నెల రోజులు పని చేసింది. విరామంలో మార్కు సారు రాళ్లు చూపిస్తూ చెప్పేవాడు. జొన్నరొట్టెలు గంపలో వేస్తూ పోతే అడుగున ఉన్నది ముందు కాల్చినది, పైనున్నది తర్వాత కాల్చినది. భూమి కూడా అంతే సమ్మవ్వా, అనేవాడు. ఇక్కడ మనిషి పుట్టకముందు పెద్ద ఏరు పారింది. ఏటి ఇసుకే ఈ తెల్లరాయి. ఏటి పక్క బురదలో అడవి కూలి మగ్గితే బొగ్గయింది. నమ్మకపోతే చూడు, అని ఒకసారి బూడిదరంగు రాయి మీద ఆకు అచ్చు చూపించాడు. మామిడాకు లాంటిదే, ఈనెలతో సహా. అన్నం తినబోతూ ఆ ఆకును తలుచుకుని సమ్మవ్వ ఆ రోజు ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుండిపోయింది.

ఇప్పుడు బూడిదరంగు వరసలో ఆమెకు ఆకు కనిపించింది. సగం ఆకు. తొడిమ వైపు మాత్రమే ఉంది.

మిగతా సగం ఏది?

గాడి అవతలి కొసన దొరికింది. రెండు ముక్కలూ తీసి విరిగిన మొహాలు ఒకదానికొకటి ఆనించింది. కొంచెం తిప్పింది. టక్కున కూర్చున్నాయి. ఆకు నిండుగా అయింది. నడిమి ఈనె ఒక రాయిలోంచి ఇంకో రాయిలోకి సాఫీగా పోయింది.

 చిన్నప్పుడు సమ్మవ్వ పగిలిన గాజుముక్కలు ఏరి ఏది దేనిదో కలిపే ఆట ఆడేది. ఆ ఆటలో ఆమెను గెలిచినవాళ్లు లేరు. గాజు ఎట్లా పగిలినా దాని కొస దాని తోడు కొసకే అతుకుతుంది. ఈ రాళ్లూ అంతే గదా!

"అత్తా! జల్ది రా!"

"నేను రాను. నేను ముడితే కొంపలు మునుగుతయట."

"నువ్వు ముట్టకుంటెనే మునుగుతయి. రా!"

పోశవ్వ రెండో పిలుపుకు ఆగలేదు. ఆమెకు చదువు రాదు గానీ, అరచేతులకు జ్ఞాపకం ఎక్కువ. ప్రతి ముక్కనూ కొబ్బరిపీచుతో రుద్దిన మనిషి ఆమె.

"గీ తెల్లదానికి ఒక పక్క నొక్కు ఉండె. గిదిగో. దీని పక్కది నున్నగుంటది... గిది గాదు, గది. ఆ, గదే."

"గీ నల్లదానికి?"

"దానికి అంచు పెచ్చూడింది. పెచ్చు తెల్లరాయికి అంటుకొనొచ్చింది. తియ్యబుద్ధిగాక గట్లనే ఉంచిన."

టక్. టక్. ఒక్కొక్క ముక్కా దాని చోటికి చేరుతూ ఉంటే అత్తాకోడళ్లకు పొద్దు తెలియలేదు. పైన నాలుగడుగుల బొగ్గు తేలింది. దాని కింద బూడిదరాయి, దాని కింద తెల్లరాయి, పదిహేనడుగులు. సమ్మవ్వ భయపడ్డట్టే అయింది. పదడుగులు రెండుగా చీలిపోయాయి. చేతులు ఆడిస్తూనే ఉంది గానీ మనసులో ఆశ సన్నగిల్లింది. ఇక మిగిలినవన్నీ నల్లవే, ఆరడుగులు. అన్నీ ఒకదాని వెనక ఒకటి కూర్చున్నాయి. చివరికి జానెడు ముక్క ఒకటి చేతిలో మిగిలింది.

"గిదా? గిది అన్నిటికన్న ఆఖరుకు కడిగిన. గా మూలకు అడుగున బురదల ముద్దయి ఉండె," అంది పోశవ్వ.

సమ్మవ్వ దాన్ని పెట్టె చిట్టచివరి మూలలో పెట్టింది. సరిపోయింది. ఆ మూల తర్వాత చెక్క తప్ప ఏమీ లేదు.

ఆమె ఆ నల్లముక్క వంక చూస్తూ ఉండిపోయింది. బోరు ఆఖరి ముక్క బొగ్గు. మరి దాని కింద రాయేది?

బయట సైకిలు ఆగిన చప్పుడైంది. మార్కు సారు గబగబా లోపలికొచ్చి, పెట్టె చూసి, చేతిలోని పుస్తకం జారవిడిచాడు.

"ఏం జేసినవమ్మా ఇది! సారు వచ్చే టైముకు పెట్టె కదిలిస్తవా?"

"కదిలించింది ఇప్పుడు గాదు సారూ. పెత్రమాసకు."

సమ్మవ్వ దాచకుండా అంతా చెప్పింది. మార్కు సారు అట్లాగే అలికిన నేల మీద కూర్చుండిపోయాడు. పోశవ్వ మంచినీళ్ల చెంబు తెచ్చి ముందు పెట్టింది. అతను ముట్టుకోలేదు.

"తప్పు నాది. కడిగిన పెట్టె చూసి, ఎవరు కడిగిన్రని అడగాలె. బిడ్డ పుట్టిన సంతోషంల ఒళ్లు తెలువలేదు. మీ ఆయన నౌకరి సంగతి తర్వాత, ముందు నాదే పోతది."

"సారూ, గీ కొస జూడుండ్రి."

"ఏం జూడాలె ఇంక."

"జూడుండ్రి."

చూశాడు. ముందు అయిష్టంగా చూశాడు. తర్వాత మోకాళ్ల మీద లేచి, మొదటి ముక్క నుంచి ఒక్కో అతుకు మీదుగా వేలు పోనిచ్చాడు. వేలు ఎక్కడా తట్టుకోలేదు. ఆఖరి నల్లముక్క దగ్గర ఆగిపోయింది.

"మేస్త్రి నర్సింగం ఆ రోజు బోరు ఎందుకాపిండు?"

"వానకు సారూ. డేరా కూలె. వచ్చిన రాళ్లు వచ్చినట్టు పెట్టెల వడేసి ఉరికిండ్రు."

"బొగ్గు అయిపోయినందుకు కాదు గదా?"

"బురదల బొగ్గని ఎవ్వలకు తెలుసు?"

మార్కు సారు లేచి నిలబడ్డాడు. చెంబెత్తి నీళ్లన్నీ గటగటా తాగేశాడు. అప్పుడే చెరువుకట్ట మీద జీపు హారను మోగింది.

పెద్దసారు లింగమూర్తి గారు బక్కపలచటి మనిషి. తల ఊపడం తప్ప ఎక్కువ మాట్లాడడని పేరు. మార్కు సారు చెబుతున్నంతసేపూ తల కూడా ఊపలేదు. గుమ్మం దగ్గర కొమురెల్లి, బోరు మేస్త్రి నర్సింగం, వాళ్ల వెనక సగం ఊరు. కొమురెల్లి తన భార్య వైపు చూడలేదు.

"పదడుగులని నేను పైవాళ్లకు రాశాను," అన్నాడు లింగమూర్తి గారు చివరికి. "నాలుగడుగులకూ ఆరడుగులకూ ఎవరూ గని తవ్వరు. ఇంతకీ మీరు మళ్లీ పేర్చిన ఈ వరసే నిజమని ఏమిటి నమ్మకం?"

మార్కు సారు నోరు విప్పేలోపే సమ్మవ్వ ముందుకొచ్చింది. 

"సారూ, మీరే ముక్కలు కలగలిపెయ్యుండ్రి. నేను మళ్ల పెడ్త."

కొట్టంలో ఎవరో ముసిముసిగా నవ్వారు. లింగమూర్తి గారు నవ్వలేదు. వంగి, ఐదు తెల్లముక్కలు తీసి, తలకిందులు చేసి, కనబడకుండా అటు తిరిగి కలగలిపి ఆమె ముందుంచాడు. సమ్మవ్వ ఒక్కొక్కటి ఎత్తి కొసలు తడిమింది. టక్, టక్, టక్, టక్. తమలపాకు వేసుకునేంతసేపు కూడా పట్టలేదు.

లింగమూర్తి గారు మొదటిసారి తల ఊపాడు.

"మేస్త్రీ, మిషను గుంత మీదే ఉందిగా? ఇప్పుడే తిప్పు. ఒక్క గొట్టం, ఐదడుగులు. మొదటి అడుగులోనే రాయి తగిలితే సోమవారం క్యాంపు ఎత్తేసి ఏరు దాటిపోతాం. కూలీలందరికీ సెలవు. ఐదడుగులూ బొగ్గే అయితే..."

మిగతా మాట మింగేశాడు. అయినా అందరికీ వినిపించింది.

ఆ మధ్యాహ్నం ఊళ్లో పొయ్యి మీద ఏం మాడిందో ఎవరికీ పట్టలేదు. అందరూ చెలకలోనే. ఎడ్లు లేని సదయ్య అందరికన్నా ముందు నిలబడ్డాడు. ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. సమ్మవ్వ, పోశవ్వ బిందెలతో నీళ్లు మోశారు. గొట్టంలోకి పోయిన నీళ్లు కింద రాయి పొడిని కడిగి గుంత నోట్లోంచి మళ్లీ పైకి వస్తాయి. ఇసుకరాయి అయితే తెల్లగా, బూడిదరాయి అయితే బూడిదగా. ఊరి కళ్లన్నీ ఆ నీళ్ల మీదే ఉన్నాయి.

ముందు ఎర్రమట్టి నీళ్లు వచ్చాయి, చాలాసేపు. తర్వాత తేటబడ్డాయి. సమ్మవ్వ బిందె దించడం మరిచిపోయింది.

"తెల్లగైతున్నయి," అన్నారెవరో.

"నోరు ముయ్యి!" అన్నాడు సదయ్య.

"నీళ్లు జూడుండ్రి! నీళ్లు జూడుండ్రి!" పోశవ్వ కేక వేసింది.

గుంత అంచున సన్నటి నల్లచార ఒకటి కదిలింది. వెనకే ఇంకొకటి. చూస్తుండగానే నీళ్లు కాటుక కలిపినంత నల్లబడ్డాయి. నల్లగా వస్తూనే ఉన్నాయి, గంట దాటినా తగ్గలేదు. పొద్దు వాలుతుండగా నర్సింగం గొట్టం పైకెత్తాడు. కొమురెల్లి సుత్తితో దాన్ని తట్టాడు. మొదటి దెబ్బ పక్కకు పోయింది. రెండో దెబ్బకు మూరెడు ముక్క జారింది. బురదతో ఉంది. ఏ రంగో తెలియలేదు.

"కడగండి," అన్నాడు లింగమూర్తి గారు.

ఎవరూ కదలలేదు. పోశవ్వ రెండు చేతులూ వెనక దాచుకుంది.

"ఆమెనే కడగమనండి. ఒక్కొక్కటి కడిగి, తీసిన చోటే పెట్టమనండి."

చెలకంతా ఘొల్లున నవ్వింది. పోశవ్వ సిగ్గుపడుతూనే బిందె వంచింది. నలుపు. రెండో ముక్క నలుపు. మూడోది, నాలుగోది. ఐదడుగులూ నిగనిగలాడే బొగ్గు! పైన ఆరు, ఇప్పుడు ఐదు, పదకొండు. ఇంకా అడుగు తగల్లేదు. ఈలలు, కేకలు. సదయ్య తలపాగా తీసి పైకెగరేశాడు. మార్కు సారు కళ్లు మూసుకుని ఏదో ప్రార్థన గొణుక్కున్నాడు. లింగమూర్తి గారు జేబులోంచి కలం తీసి, కొమురెల్లిని పేరడిగి, అక్కడికక్కడే రాసుకున్నాడు.

కొమురెల్లి జనం మీదుగా భార్య కోసం వెతికాడు. కనిపించాక ఏమనాలో తెలియక, బొగ్గు అంటిన చేత్తో కొత్త అంగీ తుడుచుకున్నాడు. అంగీ పాడైంది. సమ్మవ్వకు నవ్వాగలేదు. పెళ్లయ్యాక ఇంత సంతోషం ఆమె ఎరగదు.

"మార్కూ," పెద్దసారు గొంతులో కూడా ఉత్సాహం వచ్చింది. "ఇక్కడి పొరలన్నీ తూర్పుకు వాలుతాయి. పదడుగుల పొర దొరికిందనుకుంటే గని నోరు ఈ చెలకలోనే పెట్టేవాళ్లం. ఇప్పుడు లెక్క మారింది. అసలు పొర లోతుగా ఉంది, తూర్పుకు పోతోంది. సరిగ్గా తూర్పుకు మూడు వందల అంగలు కొలిచి గూటం పాతు. గని నోరు అక్కడ."

మార్కు సారు గూటం చేతబట్టి, అంగలు లెక్కబెడుతూ బయల్దేరాడు. సంబరంగా వెనకే సమ్మవ్వ నడిచింది. నూరు. చెలక గట్టు దాటారు. రెండు నూర్లు. బండ్లబాట దాటారు. రెండు వందల యాభై దగ్గర మార్కు సారు అంగలు చిన్నవయ్యాయి. సమ్మవ్వ తలెత్తి ముందుకు చూసింది. నవ్వు ఆగిపోయింది.

రెండు వందల తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

మూడు వందలవ అంగ వాళ్ల వాకిట్లో పడింది. కొత్త సున్నం గోడకు, తులసి గద్దెకు నడుమ, ముగ్గు మీద. సమ్మవ్వ చూపు ముగ్గు మీంచి ఇంటి గోడ మీదికి పోయింది. మార్కు సారు గూటం పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

అడ్డదారిన ముందే ఇంటికి చేరిన పోశవ్వ వాళ్లను చూసి మురిసిపోయింది. గూటం చూసింది. సారు చేతిలో సుత్తి లేకపోవడమూ చూసింది. గబగబా లోపలికి పోయి రోకలి తెచ్చింది.

"సుత్తె లేక నిలవడ్డవా బిడ్డా? ఇగో, దీంతోని కొట్టు. నేల మెత్తగనే ఉంటది. పొద్దుగాలనే అలికిన."